అణుశక్తి ద్రష్ట డాక్టర్ హోమీ భాభా

బిలాసపూరు రైల్వే కాలనీలో కాపురముండు మనకు బొగ్గుబండి యనునది వింత కాదు. కోర్బా, గెవరా గనుల నుండి చంపా మీదుగా వచ్చు బండ్లును, కట్ని దారిని దిగివచ్చు బండ్లును రేయింబవళ్ళు మన యిండ్ల కిటికీలను కదలించుచునే యుండును. మనలో పెక్కుమంది తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి యీ పట్టాల ప్రక్కనే స్థిరపడిరి. మన జీతములు, మన పిల్లల చదువులు, కడకు మన సంఘమునకు వచ్చు చందా సహితము ఒక విధముగ ఆ బొగ్గు చలువయే యనిన తప్పు లేదు. అట్టి యూరి సంచికలో అణుశక్తిని గూర్చి వ్రాయబూనుట కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కాని ఈ దేశమునకు అణువిద్యుత్తు ఏల కావలెనో మొట్టమొదట లెక్కగట్టి చెప్పిన మహాశయుడు తన వాదములో ముఖ్యభాగమును బొగ్గుబండి ప్రయాణము మీదనే నిలిపెను. ఆయనయే డాక్టర్ హోమీ జహంగీర్ భాభా.

ఈ వ్యాసకర్త బి.ఏ. పట్టభద్రుడు, కార్యాలయమున టిప్పణులు వ్రాసి ఫైళ్ళు నడపువాడేగాని భౌతికశాస్త్రజ్ఞుడు కాడు. కావున శాస్త్రవిషయమును ఇంటిలో పిల్లలకు చెప్పదగినంత మేరకే యిచట ముచ్చటించుచున్నాను.

భాభా 1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో సంపన్నమైన పార్సీ కుటుంబమున జన్మించెను. తండ్రి జహంగీర్ భాభా ఆక్స్‌ఫర్డులో చదివిన న్యాయవాది. పితామహుడు మైసూరు సంస్థానమున విద్యాశాఖకు అధిపతిగ పనిచేసినవాడు. మేనత్త మెహర్‌బాయి సర్ దొరాబ్జీ టాటాగారి సహధర్మచారిణి. పసితనమున ఈ బాలుడు మిక్కిలి తక్కువగ నిదురించుట చూచి తలిదండ్రులు కలతపడి వైద్యులకు చూపింపగా, రోగమేమియు లేదు, చురుకైన మెదడే కారణమని వారు ధైర్యము చెప్పిరట. ఇంటిలో తాతగారి గ్రంథములు, చిత్రకళకు సంబంధించిన పుస్తకములు, పాశ్చాత్యసంగీతపు గ్రామఫోను పలకలు పుష్కలముగ నుండెను. పదునారేండ్లు నిండునప్పటికే ఐన్‌స్టైను సాపేక్షసిద్ధాంతమును చదివి తెలిసికొనగల్గెను.

1927లో ఆయనను కేంబ్రిడ్జికి పంపిరి. తండ్రిగారి యుద్దేశము, టాటాగారి యుద్దేశము ఒక్కటియే: కుర్రవాడు యంత్రవిద్య నేర్చి వచ్చి జంషెడ్‌పూరు ఉక్కు కార్ఖానాలో కుదురుకొనవలెనని. కుర్రవాని మనస్సు మాత్రము భౌతికశాస్త్రము మీద నుండెను. ఉద్యోగము, వ్యాపారము తన స్వభావమునకు సరిపడవని తండ్రికి జాబు వ్రాసెను. తండ్రి కోపగింపలేదు, లొంగనూ లేదు. యంత్రవిద్యలో ప్రథమశ్రేణి తెచ్చినచో ఆపైన గణితము చదువుటకు డబ్బు పంపుదునని బేరము పెట్టెను. కొడుకు 1930లో ప్రథమశ్రేణి తెచ్చెను. తండ్రి మాట నిలుపుకొనెను. 1932లో గణితమునను ప్రథమశ్రేణియే వచ్చెను. మన యిండ్లలో ఇంజనీరింగు సీటు విషయమై యేటేట జరుగు వాగ్వాదములను తలచినప్పుడు ఆ తండ్రి ఒడంబడిక నాకెంతయో ముచ్చటగొల్పును.

కేంబ్రిడ్జిలో డిరాక్ వంటివారి సాన్నిధ్యమున, తరువాత జూరిక్‌లో పౌలీ వద్ద, రోములో ఫెర్మీ వద్ద, కోపెన్‌హేగెన్‌లో నీల్స్ బోర్ వద్ద మెలగి ఆయన ఆరితేరెను. ఎలెక్ట్రాను, పాజిట్రాను ఒకదానినొకటి తాకి చెదరుటను గూర్చి ఆయన కట్టిన లెక్క నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. 1937లో హైట్లరు అను శాస్త్రజ్ఞునితో గూడి విశ్వకిరణముల జల్లులకు కారణము చెప్పెను. ఆకాశము నుండి మహావేగముతో వచ్చు ఒక్క కణము గాలిలోని పరమాణువును తాకి కాంతికణమును పుట్టించును; ఆ కాంతికణము మరల రెండు కణములుగ మారును; అవి మరికొన్నింటిని పుట్టించును. ఇట్లు ఒకటి వేలుగ పెరిగి భూమిపై కురియును. ఈ పని యొక్క గొప్పతనమును బట్టి 1941లో, ముప్పదిరెండేండ్లు నిండకమునుపే, లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ గైకొనెను.

1939లో ఆయన సెలవుపై స్వదేశమునకు వచ్చి యుండగా ఐరోపాలో యుద్ధము చెలరేగెను. తిరిగి పోవుటకు వీలులేక బెంగుళూరు విజ్ఞానమందిరమున, సర్ సి.వి. రామన్ గారి ఆధ్వర్యమున, రీడరుగ చేరెను. ఆ యుద్ధమే రాకున్నచో భాభా కేంబ్రిడ్జి ఆచార్యుడై యుండెడివాడేమో. తాత్కాలికమనుకొన్న మకాము శాశ్వతమాయెను. తన దేశమున ఉన్నతశాస్త్ర పరిశోధనకు తగిన నిలయమే లేదన్న చింత ఆయనను పట్టుకొనెను.

1944వ సంవత్సరము మార్చి 12వ తేదీన ఆయన దొరాబ్జీ టాటా ధర్మనిధి అధ్యక్షుడగు సర్ సొరాబ్ సక్లత్‌వాలా గారికి ఒక లేఖ వ్రాసెను. బొంబాయిలో మౌలిక పరిశోధనాలయమును నెలకొల్పవలెనని కోరుచు, మరి రెండు దశాబ్దములలో అణుశక్తి నుండి విద్యుత్తును తీయుట సాధ్యమగునప్పటికి ఈ దేశము నిపుణులకై పరదేశముల వంక చూడనక్కరలేక తనవారినే సిద్ధముగ నుంచుకొనవలెనని అందు సూచించెను. హిరోషిమాపై బాంబు పడుటకు పదునేడు నెలలకు ముందటి మాట యిది. అప్పటికి అణువు పేరు లోకసామాన్యమునకు వినికిడియే లేదు. ధర్మనిధివారు సమ్మతించిరి. 1945 జూన్ 1వ తేదీన టాటా పరిశోధనాలయము బెంగుళూరులో ఆరంభమై, ఆ యేడే బొంబాయికి తరలెను.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948 ఆగష్టు 10వ తేదీన, అణుశక్తి సంఘము ఏర్పడెను, భాభా అధ్యక్షుడాయెను. 1954 ఆగష్టు 3వ తేదీన అణుశక్తిశాఖ ప్రత్యేకముగ ప్రధానమంత్రి క్రింద నెలకొనెను, భాభాయే కార్యదర్శి. ఆ శాఖ కచేరీ ఢిల్లీలో గాక బొంబాయిలో పెట్టిరి. 1958 మార్చి 1వ తేదీ తీర్మానముతో సంఘమునకు ఆర్థికవిషయములలోను, పాలనావిషయములలోను అసాధారణమైన స్వాతంత్ర్యము లభించెను. సచివాలయపు గడపలో కాలము గడపిన నాబోటివానికి ఈ భాగము చదువునపుడు ఒక ప్రక్క అసూయ, ఒక ప్రక్క సంకోచము కలుగును. ఒక కుర్చీ కొనుటకు మూడు కొటేషన్లు, ఒక గుమాస్తా పోస్టుకు నాలుగు ఆమోదములు కావలసిన చోట ఆయన శాస్త్రజ్ఞులను ఏరుకొని, వారి చుట్టు పని నల్లుకొని పోయెను. అది లేనిచో పని జరిగియుండదు. అయితే 1948 నాటి చట్టమున గోప్యత మితిమీరినదని, బ్రిటను చట్టములోను అంతటి కట్టుబాటు లేదని రాజ్యాంగసభలోనే ఆక్షేపణ వచ్చెను. నెహ్రూగారి అండ వలన అది నిలువలేదు. ప్రజలకు లెక్క చెప్పు అలవాటు మొదటినుండియే అలవడియున్నచో అణుకేంద్రములపై నేటి అపనమ్మకము కొంత తగ్గియుండెడిదని నా యభిప్రాయము.

ఆయన జీవితమున శిఖరము 1955వ సంవత్సరము. ఆ ఆగష్టు నెలలో ఐక్యరాజ్యసమితి జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగమును గూర్చి మొదటి మహాసభను జరిపెను. యుద్ధకాలము నుండి మూతవేసి యుంచిన రహస్యములు అచట తొలిసారి బహిర్గతమైనవి. నలువదియారేండ్లు నిండని భాభా ఆ సభకు అధ్యక్షుడు. ప్రపంచమున ధనికదేశముల ప్రజలు వాడు ఇంధనము ఎంతో, పేదదేశముల ప్రజలు వాడునది ఎంతో ఆయన సభ ముందుంచెను. పేదదేశములన్నియు ఆ స్థాయికి రావలెనన్నచో భూగర్భమున నున్న బొగ్గు, నూనె కొలదికాలమునకే చాలవని, అణుశక్తి పేదవానికి విలాసము గాదు, అవసరమని ఆయన నిరూపింపజూచెను. సూర్యునిలో జరుగు అణుసంయోగమును రెండు దశాబ్దములలో మానవుడు లొంగదీయునని గూడ అచట జోస్యము చెప్పెను. ఆ జోస్యము ఫలింపలేదు. ఏడు దశాబ్దములు గడచినవి; ఫ్రాన్సులో భారతదేశము గూడ భాగస్వామిగ నున్న ఈటర్ యంత్రపు నిర్మాణము ఇంకను ముగియలేదు. మహనీయుల గడియారములు గూడ ఒక్కొక్కప్పుడు ముందు నడచును.

ఇక బొగ్గుబండి మాట. ఆనాడు దేశమున వాడు బొగ్గులో అధికభాగము బెంగాలు, బీహారు గనులది. అహమ్మదాబాదు, బొంబాయి మిల్లులకు అది వేయి మైళ్ళకు పైబడి రైలులో పోవలెను. గని యొద్ద చవుకయైన బొగ్గు మిల్లు యొద్దకు చేరునప్పటికి కిరాయితో బరువెక్కును. గనికి చేరువలో అణువిద్యుత్తు బొగ్గుతో పోటీపడజాలదు. గనికి దూరమైన పశ్చిమ, దక్షిణ ప్రాంతములలో తప్పక పోటీపడగలదు. భాభా వాదసారమిది. ఇంజను షెడ్డులో పెరిగిన మన పిల్లలకు లెక్క తేలికగ బోధపడును. వేయి మెగావాట్ల బొగ్గుకేంద్రము దినమునకు సుమారు 14 వేల టన్నుల బొగ్గును కాల్చును. అనగా మూడు నాలుగు నిండు రేకులు, ప్రతిదినము, ఏడాది పొడుగున. అంతటి శక్తిగల అణుకేంద్రము, మన దేశమున నిర్మించు భారజలపు రీతిది, ఏడాదికంతకు కోరు సహజ యురేనియము సుమారు 200 టన్నులకు మించదు. అది నాలుగు వాగనుల సరుకు.

కాని ఆ నాలుగు వాగనుల సరుకే మన దేశమున అరుదు. మన యురేనియపు ఖనిజము నాసిరకము, కొలదిపాటిది. థోరియము మాత్రము సమృద్ధి. కేరళ ఇసుకతిన్నెలలోను, మన భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళము వరకు గల తీరపు నల్లయిసుకలోను మోనజైటు రూపమున అది పడియున్నది. థోరియము తనంత తాను మండదు. అందుచేత భాభా 1954లో మూడంతస్తుల పథకమును వేసెను. మొదట సహజ యురేనియముతో, భారజలముతో నడచు రియాక్టర్లు. వాటిలో విద్యుత్తుతో బాటు ప్లుటోనియము పుట్టును. రెండవది, ఆ ప్లుటోనియముతో నడచుచు, తాను తిన్నదానికన్న ఎక్కువ ఇంధనమును పెంచు వేగరియాక్టర్లు. మూడవది, వాటి సాయమున థోరియమును క్రొత్తరకపు యురేనియముగ మార్చి వాడుకొనుట. పాలు తోడుపెట్టి పెరుగు చేసి, ఆ పెరుగునే మరునాటి తోడుకు దాచు గృహిణి పద్ధతి వంటిదిది; తోడు లేనిదే పాలు పేరుకొనవు.

1956 ఆగష్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయనారంభించెను. ఆసియాలో అది మొదటిది. ఇంధనము ఇంగ్లండు నుండి తెచ్చినదైనను నిర్మాణము మనవారిది. నీటిలో కానవచ్చు నీలికాంతిగల ఆ రియాక్టరుకు ఆ పేరు పెట్టినవారు నెహ్రూగారు. దాని నియంత్రణకు వలయు ఎలెక్ట్రానిక్ పరికరములను నిర్మించిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడు, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారని చెప్పుకొనుటకు మనకు గర్వము. తరువాత 1967లో హైదరాబాదున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషనును నెలకొల్పి పెంచినవారును వారే. ఆ మోగల్లు ప్రాంతముననే గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, హిమాలయములలో యోగసాధన చేసి, పిమ్మట ఐరోపా వెళ్ళి అణుశాస్త్రజ్ఞుడైన స్వామి జ్ఞానానంద ఆ రోజులలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుభౌతికశాస్త్రశాఖను తీర్చిదిద్దుచుండెను.

1960లో కెనడా సాయముతో సైరస్ రియాక్టరు వెలసెను. 1963లో తారాపూరు కేంద్రమునకై అమెరికాతో ఒప్పందము కుదిరెను. రాజస్థానమున రావత్‌భాటా కేంద్రమునకు కెనడాతో కుదిరెను. రెండును బొగ్గుగనులకు దూరమైన చోటులే. 1964 అక్టోబరులో చీనా అణుబాంబును ప్రేల్చెను. కొలదిదినములకే భాభా ఆకాశవాణిలో మాటాడుచు, అట్టి బాంబులకగు వెచ్చము తక్కువయేనని లెక్కలు చెప్పెను. శాంతికై జెనీవాలో అధ్యక్షత వహించినవాడే యిట్లు పలుకుట ఆనాడు పలువురను కలవరపెట్టెను. అణుశక్తికి ఈ రెండు ముఖములు తొలినుండి కలవు. ఒకదానిని చూపి రెండవదానిని దాచుట చరిత్రకు న్యాయము గాదు.

ఆయన వివాహమాడలేదు. చిత్రములు వ్రాసెడివాడు, సంగీతము వినెడివాడు, తోటలు పెంచెడివాడు. కట్టడమునకు అడ్డు వచ్చిన మహావృక్షములను నరుకనీయక వేళ్ళతో పెల్లగించి వేరొకచోట నాటించెడివాడు. కొలాబా సముద్రతీరమున టాటా పరిశోధనాలయపు నూతనభవనము లేచినపుడు దాని గోడలకు ఆనాటి యువచిత్రకారుల చిత్రములను కొని తగిలించెను. ప్రభుత్వధనముతో చిత్రములు కొనుట ఏ పద్దు క్రింద వ్రాసిరో చూడవలెనని నాకొక చిన్న కుతూహలము.

1966 జనవరి 24వ తేదీన వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తిసంస్థ సమావేశమునకు పోవుచు ఆయన ఎక్కిన ఎయిర్ ఇండియా విమానము, కాంచన్‌జంగా అను పేరు గలది, ఆల్ప్స్ పర్వతములలో మాంట్ బ్లాంక్ శిఖరమును తాకి కూలెను. అందున్న 117 మందిలో ఒక్కరును బ్రదుకలేదు. భాభాకు ఏబదియారేండ్లు. శాస్త్రిగారు పోయి పదుమూడు దినములు. శ్రీమతి ఇందిరాగాంధీ ప్రధానిగ ప్రమాణము చేసిన దినము అదియే. మరుసటి సంవత్సరము ట్రాంబే సంస్థకు ఆయన పేరిడిరి. తారాపూరు విద్యుత్తును 1969లో దేశము చూచెను; ఆయన చూడలేదు.

ఆయన తలచినంత వేగముగ ఆ పని సాగలేదు. 1974 పోఖ్రాన్ ప్రయోగము పిమ్మట కెనడా చేయి విదిల్చినది, అమెరికా ఇంధనమునకు పేచీలు పెట్టినది. 2008లో అంతర్జాతీయ వర్తకపు తలుపులు తెరచువరకు మనవారు ఒంటరిగనే నడచిరి. ఆ కాలమున హైదరాబాదులోని అణుఇంధన కర్మాగారము, మణుగూరులోని భారజలపు కర్మాగారము ఎంత ఆదుకొన్నవో తెలుగువారు తరచుగ మరతురు. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా ప్రమాదములు లోకమును బెదరించినవి. ప్రపంచ విద్యుత్తులో అణుభాగము 1990 ప్రాంతపు దశాబ్దమున నూటికి పదునేడుగ నుండి, నేడు తొమ్మిదికి దిగినది. జర్మనీ 2023 ఏప్రిలులో తన కడపటి రియాక్టర్లను మూసివేసెను. ఆ యేడే దుబాయి వాతావరణ మహాసభలో ఇరువదికి పైగ దేశములు 2050 నాటికి అణువిద్యుత్తును మూడింతలు చేయుదుమని ప్రకటించెను. మన దేశమున 2025 నాటికి అణుకేంద్రముల సామర్థ్యము సుమారు 8,800 మెగావాట్లు. మన పొరుగున నున్న కోర్బా, సీపత్ ఎన్.టి.పి.సి. కేంద్రములు రెండును కలిపియే 5,580. దేశపు విద్యుత్తులో అణుభాగము నూటికి మూడు మాత్రము. దీనిని 2047 నాటికి లక్ష మెగావాట్లకు పెంచుదుమని 2025 బడ్జెటులో ప్రకటించిరి. రెండవ అంతస్తునకు చెందిన కల్పాక్కం వేగరియాక్టరు నిర్మాణము 2004లో ఆరంభమైనది. రియాక్టరు గర్భమును నింపుట మొదలగునప్పటికి 2024 వచ్చెను.

భాభా కాలమును లెక్కించుటలో తప్పెను, అవసరమును లెక్కించుటలో తప్పలేదని నేను తలచుచున్నాను. ఆనాడు ఆయన చూపినది కిరాయి లెక్క. నేడు దానికి పొగ లెక్క తోడైనది. కోర్బాలో బట్టలారవేసినచో సాయంత్రమునకు వానిపై బూడిద పొర కట్టు సంగతి అచట కాపురము చేసిన మన చెల్లెండ్రకు తెలియును. మరి అణుకేంద్రపు వ్యర్థములు తరతరములు కాపలా కాయవలసినవి గావా యని వారే యడుగుదురు. అదియు నిజమే.

ఈ ప్రశ్న ఇపుడు మన రెండు ఇండ్లకు వచ్చినది. 2025 మార్చిలో రాయపూరున జరిగిన ఇంధన పెట్టుబడుల సభలో ఛత్తీస్‌గఢ్‌కు 4,200 మెగావాట్ల అణుకేంద్రపు ప్రతిపాదన వెలువడెను. గనుల నడుమ అణువు పోటీపడజాలదని చెప్పిన వాదము గనుల రాష్ట్రముననే తలక్రిందులగుచున్నది. మనము వచ్చిన గడ్డపై, శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమున, కొవ్వాడ మత్స్యకారగ్రామపు చుట్టు ఆరు పెద్ద రియాక్టర్లకు చోటు నిర్ణయించి ఏండ్లు గడచినవి. భూములు తీసికొనిరి, పరిహారపు జాబితాలు వ్రాసిరి. రియాక్టరు మాత్రము లేవలేదు. ఆ దాపుననే యున్న మా దూరపు బంధువొకరు, మా వరుసకు బాబయ్య, క్రిందటి సంక్రాంతికి బిలాసపూరు వచ్చిరి. రాత్రి వరండాలో కూర్చుండగా వరుసగ మూడు బొగ్గుబండ్లు పోయినవి. ఇవి ఎక్కడికి పోవునని వారడిగిరి. పడమటికని చెప్పితిని. కొవ్వాడలో ఆ కేంద్రము వచ్చిన పిదప ఈ బండ్లు తగ్గునా, తగ్గినచో మీ ఉద్యోగములేమగును, రాకపోయినచో మా భూములేమగునని వారు వరుసగ అడుగుచు పోయిరి. నాలుగవ బండి చప్పుడులో నా జవాబు వారికి వినబడలేదు.